రంగు పడని పేరు

మునిసిపాలిటీ ఆఫీసు ముందున్న నల్లరాయి మీద మా ఊరి నుంచి యుద్ధానికి వెళ్ళినవాళ్ళందరి పేర్లూ చెక్కి ఉంటాయి. పోయినవాళ్ళూ తిరిగొచ్చినవాళ్ళూ అని వేరు చేయలేదు. తేడా అల్లా రంగులోనే. పోయినవాళ్ళ అక్షరాల్లో తెల్లరంగు నింపుతారు, బతికున్నవాళ్ళవి ఉత్త రాయిగా వదిలేస్తారు. యుద్ధంలో పోయినా, ముసలితనంలో మంచం మీద పోయినా రంగు ఒకటే.

మా బావగారి పేరుకు, అంటే మా ఆయన అన్నగారి పేరుకు మాత్రం రంగు పడలేదు. ఆయన ఆచూకీ తెలియలేదని పైవాళ్ళు చెప్పారు, అంతే. అత్తయ్య ఆ మాటే పట్టుకుని కూర్చుంది. ఆచూకీ తెలియని మనిషి ఏదో ఒక రోజు తిరిగి రాకపోతాడా అని ఆవిడ ఆశ. ఏటా అక్కడ జరిగే సంస్మరణ సభకు ముందు రాయి దగ్గరికి వెళ్ళి, కొడుకు పేరు ఖాళీగానే ఉందని చూసుకుని వచ్చేది. మా ఆయన ఫ్యాను కింద చల్లగా షాపులో కూర్చుంటారు, ఆవిడకు తోడు వెళ్ళి ఎండలో మాడేది నేను.

ఈ ఏడు, సభకు ముందు రాయికి రంగులు దిద్దే పాత పెయింటరు నడుం పట్టేసి మంచమెక్కాడు. బదులుగా అల్లుణ్ణి పంపాడు. పెళ్ళయి ఎన్నాళ్ళయినా ఊళ్ళో అందరికీ అతను కొత్తల్లుడే. చెప్పాల్సిన ఒక్క ముక్క మామ చెప్పి చావలేదు. అల్లుడు బుద్ధిగా వచ్చి, రాయి మీదున్న పేర్లన్నిటికీ రంగు నింపి పారేశాడు.

మేం వెళ్ళేసరికి అక్కడ ఒకటే గోల. గొంతు డ్రైవరన్నయ్యది. యుద్ధంలో లారీ నడిపి వచ్చి ఇప్పుడు స్కూలు బస్సు నడుపుతున్నాడు. మా బావగారూ ఆయనా ఒకే రోజు సైన్యంలో చేరారు, రాయి మీద కూడా ఒకరి కింద ఒకరు ఉంటారు. ఆదివారం వచ్చిందంటే మా ఇంటికొచ్చి కొళాయో ఫ్యానో బాగుచేస్తాడు. ఎంత బతిమాలినా కూర్చోడు, నిలబడే మంచినీళ్ళు తాగి వెళ్ళిపోతాడు. అదేం మనిషో అని నేను విసుక్కునేదాన్ని.

"ఏమయ్యా, పొద్దున తిన్న టిఫినే ఇంకా అరగలేదు, అప్పుడే నన్ను పైకి పంపేశావా? మా ఆవిడ చూసిందంటే పెన్షనుకు అప్లికేషను పెట్టేస్తుంది!"

"నాకేం తెలుసు సార్? పేర్లకు రంగెయ్యమన్నాడు మా మావయ్య. వేశాను."

జనం పడీ పడీ నవ్వారు. నాకూ నవ్వాగలేదు. రంగు ఇంకా తడిగానే ఉంది. డ్రైవరన్నయ్య అతని చేతిలో గుడ్డ లాక్కుని, కిరసనాయిల్లో ముంచి తన పేరు పరపరా తుడిచేశాడు. అదే ఊపులో, సైన్యంలో టెలిఫోన్లు చూసొచ్చిన టెలిఫోను తాతయ్య పేరూ తుడిచాడు. "ఈ కాంపౌండరు గట్టి పిండం. నిన్ననే నాతో గొడవపడ్డాడు," అంటూ ఇంకో పేరు తుడిచి ఆయన్నీ బతికించాడు.

అత్తయ్య నవ్వలేదు. నా మోచెయ్యి పట్టుకుని కొడుకు పేరు వంకే చూస్తోంది. అది చూసి నాకు ఒళ్ళు మండిపోయింది.

"అన్నయ్యా, వేళాకోళం తర్వాత. ముందు మా బావగారి పేరు తుడవండి," అని కసిరాను.

గుడ్డ ఆ పేరు మీదికి వచ్చింది. అక్కడే ఆగిపోయింది.

"ఆయన కూడా బతికున్నట్టేనా సార్?" అన్నాడు కొత్తల్లుడు. గుడ్డలోంచి కారిన కిరసనాయిలు చివరి అక్షరంలో రంగును కొంచెం కడిగేసింది.

"తుడవరా," అంది అత్తయ్య.

ఆయన చెయ్యి కదల్లేదు.

"అందరివీ చకచకా తుడిచావు. నా కొడుకుది ఎందుకు తుడవవు?"

డ్రైవరన్నయ్య గుడ్డ కింద పడేశాడు. అంత లావు మనిషి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

"లారీకి మంటలంటుకున్నాయమ్మా. వాణ్ణి బయటికి లాగాను. నా ఒళ్ళోనే పోయాడు. అవతలివాళ్ళు దగ్గరికొచ్చేస్తుంటే అక్కడే వదిలేసి పరిగెత్తాను. పైవాళ్ళు అడిగితే నేను చూళ్ళేదన్నాను. నువ్వడిగితే వస్తాడులే అన్నాను. వదిలేసి వచ్చానని చెప్పడానికి నోరు రాలేదమ్మా."

ఇన్నేళ్ళు ఆవిణ్ణి ఎదురుచూడనిచ్చాడు కదా అని నాకు ఆయన్ని చెడామడా తిట్టాలనిపించింది. అత్తయ్య మొహం చూసి ఆగాను.

"అందుకా మా ఇంట్లో ఎప్పుడూ కూర్చోవు?" అని అడిగింది ఆవిడ.

ఆయన తలూపాడు.

"అయితే వాడు ఒంటరిగా పోలేదన్నమాట."

"లేదమ్మా. నేనున్నాను."

అత్తయ్య కళ్ళు తుడుచుకుని కొత్తల్లుణ్ణి పిలిచింది.

"బాబూ, ఆ చివరి అక్షరంలో రంగు పోయింది. సరిగ్గా నింపు."

అతను కుంచె తీసి నింపాడు. పని పూర్తయ్యేదాకా ఆవిడ చూస్తూ నిలబడింది. ఆ తర్వాత రాయి కిందున్న మెట్టు మీద మెల్లగా కూలబడి, పక్కన కాస్త జరిగి చోటిచ్చింది.

"ఇలా వచ్చి కూర్చోరా," అంది డ్రైవరన్నయ్యతో. "మొదట్నుంచీ చెప్పు."

ఆయన కూర్చున్నాడు.