సముద్రానికి సరిపడా పాయింట్లు

"ఓటీపీ చెప్పు, జల్ది!"

మా ఆయన మల్లికార్జున్ ఫోన్ చేసేసరికి నా చేతులు మోచేతుల దాకా కోడి నెత్తురుతో ఉన్నాయి. ఆదివారం. తెల్లారగానే ఆయన తెచ్చి పడేసి పోయిన నాటుకోడిని నేనే కోసి, సింకులో పసుపు వేసి కడుగుతున్నాను. చెయ్యి కడుక్కుని, తుడుచుకుని, వచ్చిన అంకెలు చదివేలోపు గడువు దాటిపోయింది. "నలుగుర్ల ఇజ్జత్ తీత్తాన్నవ్ గదనే! వంట చేత్తాన్నవా, పండుకున్నవా?" అని అరిచాడు. పక్కన ఎవరో నవ్వారు. ఆయన మేనమామ కొడుకు మొగిలి ఫ్రిజ్ కొంటున్నాడు. నా క్రెడిట్ కార్డు మీద.

మా చుట్టాల్లో ఎవరు ఏం కొన్నా నా కార్డు మీదనే కొంటారు. పాయింట్లు వస్తాయి కదా అంటారు. వాళ్లు నోట్లు తెచ్చి మల్లికార్జున్ చేతిలో పెడతారు, బిల్లు నా జీతంలోంచి పోతుంది. ఆయనది పురుగుమందుల దుకాణం, పత్తి బాగుంటేనే నడుస్తుంది. నెల తిరిగేసరికి జీతం పడేది మడికొండ ఐటీ పార్కులో పనిచేసే నాకే కాబట్టి బ్యాంకువాళ్లు కార్డు నా పేరు మీద ఇచ్చారు. అది వచ్చిన రోజు మా అత్తమ్మ లక్ష్మీనర్సమ్మ దానికి పసుపు కుంకుమ పెట్టి, దేవుడి ముందు దండం పెట్టి, తీసుకుపోయి కొడుకు జేబులో వేసింది. ఆ నోట్లన్నీ ఏమవుతున్నాయని నేను ఒక్కసారి అడిగాను. అన్నం పళ్లెం వచ్చి మొహానికి తగిలింది, కనుబొమ్మ చిట్లింది. మరునాడు ఆఫీసులో మా టీమ్ లీడర్ "బండి మీద నుంచి పడ్డవా వినోదా?" అని అడిగి, నేను నోరు తెరిచేలోపే "ఇయ్యాల లాగిన్ లేటయింది, చూసుకో" అన్నాడు.

మా ఇంట్లో మొదటి డిగ్రీ నాది. తొర్రూరు అవతల మా ఊళ్లో, ఒకరి చేలో పత్తి ఏరి, వేళ్లు పగిలిపోతే కొబ్బరినూనె రాసుకుని, కన్నతల్లి, మా అవ్వ చిలుకమ్మ నన్ను చదివించింది. చదువుకున్నదాన్ని కాబట్టి ఏ పనైనా శ్రద్ధగా చేయాలనుకుంటాను. పాయింట్ల సంగతి కూడా అలాగే పట్టించుకున్నాను. మధ్యాహ్నం టిఫిన్ డబ్బా ముందు పెట్టుకుని షరతులన్నీ చదివేదాన్ని. వాటితో కుక్కరో గడియారమో తెప్పించుకుంటే విలువ సగానికి సగం పోతుంది. బిల్లులో తగ్గించుకుంటే మరీ తక్కువ. విమానాల కంపెనీ మైళ్లుగా మార్చుకుంటే ఎక్కువ వస్తుంది, అదీ ఆఫర్ నడిచేటప్పుడు మార్చాలి. అలా ఆగి ఆగి చూస్తే, అండమాన్‌కు నలుగురు పోయి రావడానికి సరిపోయాయి. మల్లికార్జున్, అత్తమ్మ, నేను, మా అవ్వ. పక్షవాతంతో మంచం పట్టిన మామను ఆ నాలుగు రోజులు ఆడబిడ్డ రాజేశ్వరి వచ్చి చూసుకుంటే చాలు. అన్నం తింటున్న మల్లికార్జున్‌కు ఇదంతా చెబితే ఫోన్‌లోంచి తల ఎత్తకుండానే "సరే తియ్యి" అన్నాడు. ఆ మాట పట్టుకుని అవ్వకు ఫోన్ చేశాను. ఆమె మెల్లగా అడిగింది, "సముద్రం కాడ సలి పెడ్తదా బిడ్డా?"

ఆఫర్ ఆ ఆదివారంతో ఆఖరు. అందరికీ వడ్డించాక, మామకు బట్టలు మార్చి, ఆ పక్కబట్టలు నానేసి వచ్చి, కూర గిన్నె ముందు కూర్చున్నాను. మల్లికార్జున్ నా ఫోన్‌కు ఆధార్ కార్డుల ఫోటోలు పంపాడు. నాలుగు. ఆయనది, అత్తమ్మది, రాజేశ్వరిది, ఆమె భర్త ఓంప్రకాశ్‌ది.

"నాది, అవ్వది లేవు" అన్నాను.

"నువ్వొస్తే మీ మామ మూత్రం ఎవలు తీస్తరు పిల్లా?" అంది అత్తమ్మ, ఎముక చీకుతూ. "నీ మొగడు తీస్తడా?"

"రాజేశ్వరి వదినె వచ్చి ఉంటదని చెప్పుకున్నం గదా అత్తమ్మా. అవ్వకు చెప్పిన. ఎదురుచూస్తాంది."

"పత్తి ఏరేదానికి ఇమానమా? మబ్బులల్ల ఏమేరుతదట?" అని ఆమె నవ్వింది. మల్లికార్జున్ కూడా నవ్వాడు. ఆయన ఫోన్ స్పీకర్లోంచి రాజేశ్వరి, "వినోదా, ఫికర్ చెయ్యకు, నీకు గవ్వల దండ తెస్త!" అంది. అప్పటిదాకా ఆమె లైన్లో ఉందని నాకు తెలియదు. అంటే వీళ్లంతా ముందే మాట్లాడుకున్నారు. అవ్వ ఎవరి దగ్గరో మంచి చీర అడిగి తెచ్చుకునే ఉంటుంది. వాడకట్టు అంతా చెప్పే ఉంటుంది. నేను పళ్లెం పక్కకు జరిపాను.

"అయితే నేను బుక్ చెయ్య" అన్నాను.

గట్టిగా కూడా అనలేదు. ఆయన లేచాడు. మొదటి దెబ్బకు చెవిలో గుయ్యిమంది. రెండో దెబ్బకు కూర గిన్నె మీద పడ్డాను, పులుసు ఒంటి మీద ఒలికింది. "నాకు చెయ్య అంటవా? నాకా? నీయవ్వ, నీ పాయింట్లానే అవి? మా చుట్టాలు కొంటే వచ్చినయి!" జుట్టు పట్టి లేపి గోడకు కొట్టాడు. లోపలి గదిలో మామ కట్టయ్య, మాట పడిపోయిన మనిషి, స్టీలు గ్లాసుతో మంచం పట్టె మీద టంగు టంగుమని కొట్టడం మొదలుపెట్టాడు. ఆయనకు చేతనైంది అదే. అత్తమ్మ లేచింది. అడ్డం వస్తుందనుకున్నాను. పోయి కిటికీ రెక్కలు మూసి, టీవీ సౌండు పెంచి వచ్చింది.

"వేలు పెట్టు" అన్నాడు, నా ఫోన్ నా మొహం ముందు పెట్టి. నేను పిడికిలి బిగించాను. మోకాలు నా మోచేతి మీద వేసి, పిడికిలి విప్పి, చూపుడువేలు ఒక్కటే పట్టుకుని వెనక్కి వంచాడు. చిన్నప్పుడు పొయ్యిలోకి ఎండిన పత్తికట్టెలు విరిచేదాన్ని. అదే చప్పుడు నా చేతిలోంచి వచ్చింది. "పెట్టరాదే, ఊకె లొల్లి ఎందుకు!" అంటోంది అత్తమ్మ. విరిగిన వేలినే ఫోన్ మీద అదిమాడు. తెరుచుకోలేదు. లుంగీతో తుడిచి మళ్లీ అదిమాడు. నూనె, పులుసు, నెత్తురు. మళ్లీ. ప్రతిసారీ నొప్పి భుజం దాకా పాకి కళ్లు చీకట్లు కమ్మాయి. ఫోన్ ఇక వేలు వద్దంది, నంబర్ అడిగింది. ఆ నంబర్ నాకు తప్ప ఎవరికీ తెలియదు.

"చెప్పు" అన్నాడు.

ఆయన మెడ నాకు దగ్గరగా ఉంది. నరం ఉబ్బి కొట్టుకుంటోంది. కోడిని కోసిన కత్తిపీట గడప పక్కన, నా ఎడమచేతికి కొంచెం దూరంలో ఉంది. పొద్దున కోడి మెడ మీద ఏ చోట తెగితే తొందరగా అయిపోయిందో నాకు గుర్తొచ్చింది. ఆ ఆలోచనకు నేను భయపడలేదు. అది నాకు దాహమేసినంత మామూలుగా అనిపించింది. నా చెయ్యి అక్కడిదాకా పోలేదు, అంతే. మోచేతి మీద ఆయన బరువు ఉంది. ఆ బరువే ఆ పూట ఆయన్ను కాపాడింది, నా మంచితనం కాదు.

వేలు వంకాయలా నల్లబడి ఉబ్బితే అత్తమ్మకు భయం పట్టుకుంది. "రేపు ఆఫీసుల అడుగుతరు. కట్టు కట్టియ్యిరా" అంది. ఆటోలో నాకు రెండు పక్కలా ఇద్దరూ కూర్చున్నారు. "బాత్రూంల జారిన అని చెప్పు. మొగడన్నంక ఓ దెబ్బ ఏస్తడు. ఇల్లు బజార్ల పెడ్తవా?" అని ఒక పక్క. "నంబర్ చెప్పు, ఇయ్యాలనే లాస్ట్, అక్క ఊకెనే ఫోన్ చేత్తాంది" అని ఇంకో పక్క. ఎముక విరిగిన మనిషి దగ్గర కూర్చుని ఆయన టికెట్ల గురించి మాట్లాడుతున్నాడు. నాకు ఏడుపు రాలేదు. మూడేళ్లుగా నేను కడిగింది, ఉతికింది, ఎత్తిపోసింది, సంపాదించింది అంతా కలిపినా ఆ ఆటోలో నాకు ఒక మనిషికిచ్చే విలువ రాలేదని మాత్రం అర్థమైంది. ఈ రాత్రి నంబర్ చెబితే టికెట్లు వస్తాయి. రేపు ఇంకోటి అడుగుతారు. నాకు ఇంకా తొమ్మిది వేళ్లున్నాయి.

దవాఖానలో ఉన్న డాక్టరమ్మ చిన్నపిల్లే, నా వయసే ఉంటుంది. కోటు మీద ఆసిమా అని ఉంది. వేలు చూసింది, చెవి చూసింది, మెడ మీద గోటి గీతలు చూసింది.

"ఎట్లయింది?"

"బాత్రూంల జారిపడ్డదమ్మా, ఉరికురికి పని చేస్తది" అంది అత్తమ్మ.

"మీరు బయట కూసోండి పెద్దమ్మా. ఆమెను చెప్పనియ్యండి."

ఎవరూ కదల్లేదు. మల్లికార్జున్ ప్రేమగా ఉన్నట్టు నా భుజం మీద చెయ్యి వేసి, బొటనవేలితో ఎముక మీద నొక్కాడు. "చెప్పు వినోదా, డాక్టరమ్మ అడుగుతాంది" అన్నాడు. ఇంత మెత్తగా ఆయన నా పేరు పలకడం పెళ్లయ్యాక విన్నట్టు గుర్తులేదు. ఉద్యోగం ఉంటుందా, ఎక్కడ ఉండాలి, అవ్వకు ఏమని చెప్పాలి, ఊరు ఏమంటుంది, అన్నీ ఒక్కసారే గుర్తొచ్చాయి. వాటిలో ఒక్కదానికీ నా దగ్గర జవాబు లేదు. డాక్టరమ్మ ప్రశ్నకు మాత్రం ఉంది.

"ఈయన విరిచిండు. నా మొగడు. పోలీసు కేసు రాయండి" అన్నాను.

భుజం మీద చెయ్యి లేచిపోయింది. డాక్టరమ్మ కాగితం ముందుకు లాక్కుని, "పేరు చెప్పమ్మా" అంది.

"ముందు ఆయనది రాసుకోండి" అన్నాను.