చొక్కా లోపలి జేబు

తొమ్మిదో అంతస్తా, పదో అంతస్తా, గోడమీద అంకె ఉంది కానీ ఒకటికి రెండుగా కనబడుతోంది, లిఫ్టు ఆగిపోతే లిఫ్టు మెకానిక్కే మెట్లెక్కాలి, అదీ నా ఉద్యోగం, మోటారు గది పైకప్పు మీదుంది, పనిముట్ల సంచి పొద్దున ఇంత బరువు లేదు, చెమట ఎందుకింత చల్లగా ఉంది, ఇది మెట్ల చెమట కాదు, నాకు తొమ్మిదో ఏటినుంచి తెలిసిన చెమట, జేబులో ఫోను కుయ్యోమంటోంది, జబ్బకి అంటించుకున్న సెన్సరు పంపే అంకె, షుగరు యాభై రెండు, బాణం కిందికి, పొద్దున వేసుకున్న ఇన్సులిన్ కుర్చీలో కూర్చునేవాడికి సరిపోతుంది, పది అంతస్తులు ఎక్కేవాడికి కాదు, కూర్చో, ఇక్కడే మెట్టుమీద కూర్చో.

రెండేళ్ళుగా ఈ ఫోనులో షుగరు గీత బద్ద పెట్టి గీసినట్టుండేది, కీటో తిండి అంటే కీటోనే, గుడ్లు, వెన్న, చీజు, రొట్టె లేదు, పండు లేదు, ఇన్సులిన్ సగానికి తగ్గింది, అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ ఆ గీత చూపించి మురిసిపోయాను, డాక్టరమ్మ మాత్రం మురవలేదు, తిండి తగ్గించారు సరే, ఇన్సులిన్ మానకూడదు, షుగరు పడిపోతే వేసుకోవడానికి జేబులో గ్లూకోజు లేకుండా గడప దాటకూడదు అంది, పక్కన అక్క బుద్ధిగా తలూపింది, నేనూ ఊపాను, ఇంటికొచ్చి గ్లూకోజు బిళ్ళలతో సహా తీపి అన్నదాన్నల్లా చెత్తబుట్టలో వేశాను, కళ్ళెదుట ఉంటే నోరు కట్టుకోలేనన్నాను, అది సగమే నిజం, మిగతా సగం పొగరు, నా గీత కింద పడదన్న పొగరు.

అమ్మ పోయాక నన్ను పెంచిన అక్క, ఇంట్లో మిషను పెట్టుకుని నలుగురి బట్టలూ బాగుచేసే అక్క, పోయిన శనివారం కత్తెర కోసం ఆ మిషను సొరుగు లాగితే దారపు కండెల మధ్య గుప్పెడు పిప్పరమెంటు బిళ్ళలు, అగ్గిమీద గుగ్గిలమయ్యాను, బట్టలివ్వడానికొచ్చిన ఆవిడ గుమ్మంలో ఉండగానే, ఈ వయసులో దొంగతిండేమిటక్కా, నేను నోరు కట్టుకుని చస్తుంటే నా వెనక చప్పరిస్తున్నావా అన్నాను, కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం, అక్క నావంక చూసింది, సరేరా, ఇక సొరుగులో ఉండవులే అంది, అంతే, ఆదివారం పొద్దున నా పని చొక్కాలన్నీ ముందేసుకుని గుండీలు వదులయ్యాయంటూ కుట్టింది, మధ్యాహ్నం కూతురింటికి బయల్దేరింది, నాలుగు రోజులుండి వస్తానంది, నేను పేపరులోంచి తలెత్తలేదు, అక్కడైతే కావలసినంత తీపి తినొచ్చు అనుకున్నాను, పైకే అన్నానేమో కూడా.

సంచిలో రెంచీలున్నాయి, గ్రీజు డబ్బా ఉంది, మధ్యాహ్నానికి తెచ్చుకున్న గుడ్లూ చీజూ ఉన్నాయి, తీపి చుక్క లేదు, ఇప్పుడవి దేనికి పనికొస్తాయి, ఫోనులో నలభై నాలుగు, ఏదైనా తలుపు కొడదామంటే లేవలేకపోతున్నాను, పిలుద్దామంటే నాలుక తిరగడం లేదు, చచ్చిపోతానేమో, ఇక్కడే, గుడ్ల డబ్బా పక్కన పెట్టుకుని, దడదడలాడే గుండెమీద చెయ్యి వేసుకున్నాను, ఏదో గట్టిగా తగిలింది, పొద్దున్నుంచీ తగులుతూనే ఉంది, లోపల కుట్టిన అదనపు గుండీ అనుకున్నాను, గుండీ ఇంత పెద్దదా, లోపలికి వేళ్ళు పోనిస్తే చిన్న జేబు, ఈ చొక్కాకి లోపలి జేబు ఎప్పుడుంది, దగ్గర దగ్గరగా సన్నటి కుట్టు, అక్క కుట్టు, అందులో నాలుగు పిప్పరమెంట్లు, కాగితం పళ్ళతో చింపాను, నమిలాను, ఇంకోటి నమిలాను, నాలుగూ నమిలాను.

ఎంతసేపైందో, గోడమీద అంకె ఒక్కటిగా కనబడింది, పది, బాణం పైకి తిరిగింది, ఇంకెంతసేపు బాబూ అని కిందనుంచి వాచ్‌మన్ కేకేస్తున్నాడు, వస్తున్నా అన్నాను, గొంతు మళ్ళీ నాదే, కానీ ఆ సొరుగు కళ్ళముందు నుంచి పోవడం లేదు, అన్ని బిళ్ళలున్నాయే, ఒక్క ఖాళీ కాగితం లేదు, దారపు పోగులున్నాయి, సుద్దముక్కలున్నాయి, ఒక్క కాగితం లేదు, నాకీ జబ్బని చెప్పిన రోజు అక్కకి పదహారేళ్ళు, ఆసుపత్రిలో నర్సు ఇచ్చిన చాక్లెట్టు వెనక్కిచ్చేసి వాడు తిననిది నాకొద్దంది, కూతురి పుట్టినరోజుకి కూడా నోట పెట్టలేదు, ముప్ఫై రెండేళ్ళు నేను ఎదురుగా కూర్చుని చూశాను, ఆ మనిషిని పట్టుకుని దొంగతిండి అన్నాను, అక్క తీపి తినదు, ఆ సంగతి నాకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు.