రక్తం మాది, కబురు వాడికి

మా వదిన చేతిలోంచి సుత్తి మూడోసారి జారి పడ్డప్పుడు మేస్త్రి నవ్వాడు. కుర్చీలోంచి లేవలేదు. లేవాల్సిన అవసరం అతనికి ఎన్నడూ రాలేదు.

"ఏమే, చేతులకి నూనె రాసుకొచ్చావా? వెళ్ళి ఇంట్లో పడుకో. రేపట్నించి రావద్దు."

"పట్టు ఆగట్లేదయ్యా. నాలుగు రోజులు తేలికపని చెప్పండి, సర్దుకుంటుంది" అంది వదిన.

"తేలికపనా? ఇదేమన్నా మీ పుట్టిల్లనుకున్నావా?"

మాది పాత బ్యాటరీలు పగలగొట్టే షెడ్డు. పెంకు చితక్కొట్టి, లోపలి పలకలు విడదీసి, కొలిమిలో కరిగించి సీసం తీస్తాం. ఆ పొడి మా గోళ్ళలో ఉంటుంది, తలలో ఉంటుంది, తినే ముద్దలో ఉంటుంది. ఆ పూట షెడ్డులో యాభైమందిమి ఉన్నాం. ఒక్కడూ నోరెత్తలేదు. నేనూ ఎత్తలేదు. ఆ సంగతి మింగేసి ఈ కథ చెప్పడం నాకిష్టం లేదు. రెండు నెలల్లో అలా గేటు దాటినవాళ్ళలో వదిన పదకొండోది.

మర్నాడు పొద్దున ఆమె చెంబు ఎత్తబోతే కుడిచెయ్యి మణికట్టు దగ్గర వేలాడిపోయింది. లేపమంటే లేవలేదు. "నా చెయ్యి కానట్టుంది మరిదీ" అంది. అన్నయ్య కొలిమి డ్యూటీలో ఉన్నాడు. నేను పని మానేసి ఆమెను ఆరోగ్య కేంద్రానికి తీసుకెళ్ళాను.

కేంద్రం కొత్తగా కట్టారు. అద్దాల తలుపు. గోడ పొడుగునా ఒక బొమ్మ. అందులో తెల్లచీర కట్టుకున్న ఒకావిడ ఫోన్ చూసుకుని మురిసిపోతోంది. కింద 'మీ ఆరోగ్యం మీ అరచేతిలో' అని రాసుంది. దాని కిందే బెంచీ మీద మా వదిన, ఒళ్ళో చచ్చుబడ్డ అరచెయ్యి పెట్టుకుని కూర్చుంది. ఆ మాట రాసినవాడికి జీతం ఎంతో గాని, సిగ్గు మాత్రం ఇచ్చి ఉండరు.

"యాప్‌లో టోకెన్ తీసుకున్నారా?" కౌంటరమ్మాయి అడిగింది.

"మాకు అట్లాంటి ఫోన్ లేదమ్మా. ఈమె పేరు చూసి చెప్పు, షెడ్డులో రక్తం తీసుకెళ్ళారు, దాని సంగతేమయిందో" అన్నాను.

ఆ అమ్మాయి పేరు కొట్టి చూసింది. ముఖం చిట్లించింది.

"రిపోర్టు వచ్చి రెండు నెలలైంది. 'అత్యవసరం, వెంటనే రండి' అని మూడుసార్లు మెసేజ్ పంపాం. మూడుసార్లూ చదివినట్టే చూపిస్తోంది. చదివి కూడా ఇన్నాళ్ళూ రాకపోతే ఎట్లాగండీ?"

"ఎవరు చదివారు తల్లీ?" అంది వదిన.

ఆ అమ్మాయి తెర మా వైపు తిప్పింది. వదినకు అక్షరాలు రావు. అయినా ఆ నంబరు చదవగలదు. షెడ్డు గేటు మీద, లారీల వెనక, నీళ్ళ ట్యాంకు మీద కూడా అదే రాసుంటుంది. చివర నాలుగు ఏడులు. డబ్బు పోసి కొనుక్కున్న నంబరని మేస్త్రి చెప్పుకుని తిరుగుతాడు. మేం చాటుగా వాణ్ణి నాలుగేడుపులోడు అంటాం.

అప్పుడు గుర్తొచ్చింది నాకు. రక్తం తీసే బస్సు మా షెడ్డుకు వచ్చిన రోజు, అరవై ఒక్కరం వరసలో నిలబడ్డాం. ఫోన్ నంబరు లేనిదే నమోదు కాదన్నారు. కొందరికి మీటల ఫోన్లున్నాయి, అవి పనికిరావన్నారు. మేస్త్రి ముందుకొచ్చి, "అందరికీ నా నంబరే రాసుకోండి, మా మనుషులే గదా" అన్నాడు. మేం చప్పట్లు కొట్టాం. మా గొంతుక్కి తాడు బిగిస్తున్నవాడికి చప్పట్లు కొట్టాం! వాడి మీద నాకున్న అసహ్యంలో సగం ఆ చప్పట్ల మీదే.

లోపల్నించి ఆఫీసరు వచ్చాడు. విషయం విని, కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. "ఫోన్ లేకపోవడం మీ సమస్య. సమాచారం పంపాం. వ్యవస్థలో ఏ లోపమూ లేదు" అన్నాడు.

డాక్టరమ్మ మాత్రం వదిన చెయ్యి పట్టుకుని చూసింది. రక్తంలో సీసం డెబ్బై నాలుగుందని, ఐదు దాటితేనే జాగ్రత్తపడాలని చెప్పింది. "ముందు ఆ దుమ్ములోంచి బయటపడాలి, తర్వాత మందు. రెండు నెలల కిందటే వచ్చుంటే చెయ్యి ఇంతదాకా వచ్చేది కాదు" అంది.

వదిన ఏడవలేదు. బయటికొచ్చాక ఒకే మాట అంది. "నా ఒంట్లో సంగతి వాడికి అప్పుడే తెలుసు. తెలిసి కూడా సుత్తి చేతికిచ్చాడు. మరిదీ, మనవాళ్ళందర్నీ పిలువు."

ఆదివారం మధ్యాహ్నం మా ఇళ్ళ వెనక ఖాళీ స్థలంలో కూర్చున్నాం. మొదట మాట్లాడింది మా అక్క మొగుడు, కొలిమి బావ. ఇరవై ఏళ్ళు కొలిమి ముందు నిలబడి అతని ముఖం కాలిన రొట్టెలా అయిపోయింది.

"గొడవెందుకు? అందరికీ ఫోన్లు ఇప్పించమని మేస్త్రిని అడుగుదాం. మంచిగా అడిగితే ఇస్తాడేమో."

"ఇస్తాడు బావా, ఎందుకివ్వడు" అంది లోడింగ్ అక్క. ఆవిడ లారీలకు సీసం దిమ్మెలెత్తే ఆడవాళ్ళకు పెద్ద. "ఫోనిస్తాడు, దాని తాళం వాడి దగ్గరుంచుకుంటాడు. పేలాలు పంచినట్టు ఫోన్లు పంచితే మనం మళ్ళీ చప్పట్లు కొట్టాలి. నా ఒంటి సంగతి నాకు చెప్పడానికి నేనొక సామాను కొనుక్కోవాలా? రక్తం తీసేటప్పుడు ఫోన్‌లోంచి తీశారా? చేతిలోంచే గదా తీశారు. కబురు కూడా చేతికే రావాలి. కాగితం మీద, మన మాటల్లో."

"పని పోతే?" అన్నాడు బావ.

"పదకొండుమందికి పోయింది. వాళ్ళేం గొడవ చేశారని పోయింది?"

కొలిమి బావ నేలను గీకుతూ, "సరే, రేపు కొలిమి రాజెయ్యను" అన్నాడు. అంతే. అతను రాజెయ్యకపోతే షెడ్డు లేనట్టే.

సోమవారం పొద్దున తొమ్మిదికల్లా అరవై ఒక్కరం కేంద్రం ముందున్నాం. పదకొండుమందిలో ఇద్దర్ని మోసుకొచ్చాం. అద్దాల తలుపు అంతమందిని ఎన్నడూ చూసి ఉండదు. ఆఫీసరు మెట్ల మీద నిలబడి చేతులెత్తాడు.

"ఆవేశపడకండి. మీలాంటివాళ్ళ కోసమే డిజిటల్ అవగాహన సదస్సు పెట్టిస్తాను. ఫోన్ ఎలా వాడాలో నిపుణులొచ్చి నేర్పిస్తారు. భోజనాలు కూడా ఉంటాయి."

లోడింగ్ అక్క పకపకా నవ్వింది. ఆ నవ్వు వరస చివరిదాకా పాకింది.

"అయ్యా, మేం వేలితో నొక్కడం నేర్చుకునేలోగా ఆ వేలు పడిపోయేట్టుంది. కాగితం ఇవ్వండి" అన్నాడు కొలిమి బావ.

"కాగితాలిమ్మని ఉత్తర్వు లేదు."

"ఇవ్వద్దని కూడా లేదు సార్" అంది వెనకనించి ఒక గొంతు. కౌంటరమ్మాయి! అప్పటికే ప్రింటరు తిరుగుతోంది. ఆఫీసరు ఆమె వైపు చూసిన చూపు, కుర్చీ లేచి నడిస్తే ఎవరైనా చూసే చూపు.

మొదటి కాగితం వదినది. చేతికిచ్చి, "మీకు మాత్రమే చెప్పమంటారా?" అని అడిగింది.

"గట్టిగా చదువమ్మా. వాడొక్కడికే తెలిసిన సంగతి ఊరంతటికీ తెలియాలనుంది నాకు."

తర్వాత ఎవరి కాగితం వాళ్ళు అందుకుని, గట్టిగా చదవమన్నవాళ్ళవి చదివించాం. అందరూ చదవమన్నారు. నేను బొగ్గుముక్కతో గోడ మీద అంకెలు వేస్తూ పోయాను. అరవై ఒకటీ అయ్యాక చూస్తే, అందరికన్నా ఎక్కువ సీసం ఉన్నది పదకొండుమందికి. ఆ పదకొండుమందీ మేస్త్రి గేటు దాటించినవాళ్ళే. ఒక్కరు అటూ ఇటూ కాలేదు. పడిపోయేలోపు ఎవర్ని బయట పారేయాలో వాడు మా రక్తం చూసి ఎంచుకున్నాడు. వైద్యం చేయించాల్సొస్తుందని పేర్లు కొట్టేశాడు.

కొలిమి బావ తన కాగితం తిప్పి చూసుకున్నాడు. యాభై ఎనిమిది. "అయితే పన్నెండోవాణ్ణి నేను" అన్నాడు మెల్లగా.

అప్పుడు మేస్త్రి జీపు వచ్చింది, వెనక పోలీసు వ్యాను. వాడు జీపు దిగుతూనే, "నా మనుషులు, నా షెడ్డు, నేను రప్పించిన బస్సు" అని అరిచాడు. ఆఫీసరుకు ధైర్యం వచ్చింది. ఎస్సైతో, "ఇది రోగుల గోప్యతకు భంగం. అంకెలు గోడ మీద రాశారు" అన్నాడు.

వదిన లేచి నిలబడింది. వేలాడే చేతిని మరో చేత్తో పట్టుకుని ఆఫీసరు ముఖం ముందు పెట్టింది.

"ఈ చెయ్యి సంగతి వాడి ఫోన్‌లో రెండు నెలలు పడుందయ్యా. అప్పుడేమైంది మీ గోప్యత? మేం చదివితే భంగం, వాడు చదివితే వ్యవస్థా?"

ఆఫీసరు కళ్ళద్దాలు తీసి మళ్ళీ తుడవడం మొదలుపెట్టాడు. మేస్త్రి ఆమె వైపు చూడలేదు. జేబులో ఫోన్ మోగింది, అదీ తీయలేదు.

ఏడుగురిని పట్టుకున్నారు. వదిన, కొలిమి బావ, లోడింగ్ అక్క, నేను, ఇంకో ముగ్గురు. బేడీ వేయబోతే వదిన మణికట్టు నిలవక జారిపోయింది. రెండుసార్లు ప్రయత్నించి కానిస్టేబులు తల దించుకుని వదిలేశాడు. లోడింగ్ అక్క వ్యాను మెట్టు మీదనించి అరిచింది, "కాగితాలు జాగ్రత్త! చేతికి రాకుండా ఎవరూ షెడ్డులో అడుగుపెట్టొద్దు!"

వ్యాను కదలబోయింది, కదల్లేదు. రోడ్డు నిండా మనుషులు. రంగుల మిల్లువాళ్ళు, రాళ్ళ మిల్లువాళ్ళు. వాళ్ళ రక్తం కూడా అదే బస్సు తీసుకెళ్ళిందట, వాళ్ళ కబుర్లూ ఎవడి జేబులోనో ఉన్నాయట. తెల్లని రాతిపొడి అంటుకున్న తలలతో వాళ్ళు మమ్మల్ని దాటుకుని లోపలికి పోతున్నారు. ఎస్సై హారన్ కొట్టమంటున్నాడు. ఎవరూ పక్కకు జరగడంలేదు.

వ్యాను జాలీలోంచి నాకు కౌంటరు కనిపించింది. ముందున్న ముసలమ్మ బల్ల మీద అరచేత్తో చరిచింది.

"పేరు రాసుకో తల్లీ" అంది. "నంబరు అడక్కు."