నూకల పొర

చిన్నోడు నేలలోకి దిగిపోయాడన్న కబురు పెద్దకోడలికి ల్యాబ్‌లో అడుగుపెట్టగానే అందింది. కోటు గుండీలు కూడా ఇంకా పెట్టుకోలేదు. ఫోన్‌లో భర్త.

"బోరు రిగ్గు కింద నేల కుంగిందట. వాడు లోపల ఉన్నాడు. బతికే ఉన్నాడే, పైపు మీద కొడుతున్నాడు, వినపడుతోంది."

చిన్నోడంటే ఆమె మరిది. గడ్డం నెరుస్తున్నా ఇంట్లో ఇంకా చిన్నోడే. సున్నపురాతిలోకి బోరు దింపి, లోపలి రాయిని గుండ్రటి కడ్డీల్లా పైకి తీయడం అతని పని. ఆ కడ్డీలను గళ్లున్న చెక్కపెట్టెలో వరసగా పేర్చి ల్యాబ్‌కి పంపుతాడు. ఏ ముక్క ఏ పొరదో తేల్చడం వదిన పని.

ఆ రాయంతా ఒకప్పుడు లోతులేని సముద్రం అడుగున పేరుకున్న బురద. అప్పటి చిన్న చిన్న ప్రాణుల గుల్లలు ఇప్పటికీ అందులో చెక్కుచెదరకుండా ఉన్నాయి. వాటి అసలు పేర్లు నోరు తిరగనివి. అందుకని ల్యాబ్‌లో అందరూ పెట్టుకున్న పేర్లు రెండే: నూకలు, బిళ్లలు. పైన ఉండే మెత్తపొరలో బియ్యపు నూకల్లాంటి తెల్లటి గుల్లలుంటాయి, మైక్రోస్కోపులో తప్ప కంటికి ఆనవు. అడుగున ఉండే మెత్తపొరలో పప్పుబద్దంతేసి బిళ్లలుంటాయి. రెంటికీ నడుమ గట్టిరాయి. గుల్లల సంగతి పక్కనపెడితే ఆ రెండు మెత్తపొరలూ కవలపిల్లలే, ఒకే రంగు, ఒకే గరుకు.

"మేం ఒళ్లు హూనం చేసుకుని రాయి తీస్తాం. మా వదిన ఏసీలో కూర్చుని అందులో నూకలేరుకుంటుంది," అని అన్నాల దగ్గర చిన్నోడు ఎత్తిపొడిచేవాడు.

"నేను ఏరకపోతే నువ్వు తీసింది ఉత్త రాయే బాబూ. ఏరితేనే దానికో ఊరూ పేరూ," అనేది ఆమె.

అతను దిగిపోయిన చోటు పాత క్వారీ అంచున ఉంది. అక్కడ గోదాము కట్టాలని నేల పరీక్ష చేయిస్తున్నారు. కుంగిన నేల కింద నీళ్లు తొలిచిన గుహ ఉంది, అతను పడింది అందులోకే. పైనుంచి గుంతలోకి దిగే వీలు లేదు. మనిషి అడుగు పడితే చాలు, అంచులు బొలబొల రాలి లోపలికి జారుతున్నాయి. కాబట్టి క్వారీ గోడలోంచి అడ్డంగా తొలుచుకుంటూ పోవాలి. గోడకి రెండు మెట్లున్నాయి. పై మెట్టు మీది నుంచి తొలిస్తే పై మెత్తపొరలోకి, కింది మెట్టు నుంచి తొలిస్తే కింది దానిలోకి పోతారు. ఉన్న యంత్రం ఒక్కటే. చప్పుడు రాతిలో పాకి అన్నివైపుల నుంచీ వినపడుతోంది, ఎంత లోతు నుంచో తేలట్లేదు. అతనితో ఉన్న తోటి పనివాడు తలకు దెబ్బ తగిలి ఆస్పత్రిలో స్పృహలేకుండా పడున్నాడు.

చిన్నోడు ముందురోజు అదే చోట తీసిన రాతి కడ్డీల పెట్టెను జీపులో ల్యాబ్‌కి తెచ్చి దించారు. వెంట వచ్చిన ఫైర్ ఆఫీసరు గుమ్మంలోంచే అడిగాడు.

"అమ్మా, లోపలి గుహ ఏ పొరలో ఉంది? పైదా, కిందిదా? తొందరగా చెప్పండి, మావాళ్లు యంత్రం పట్టుకుని నిలబడున్నారు."

పెట్టెలో కడ్డీలన్నీ డ్రిల్లింగు బురద పూసుకుని ఉన్నాయి. ఎంత లోతుదో రాసే చెక్కముక్కలు పెట్టలేదు, బాణం గుర్తులు గీయలేదు. మర్నాడు తీరిగ్గా పెడదామనుకున్నాడు కాబోలు. చివరి వరసలో మాత్రం ముక్కలు చితికి, వాటికి ఎర్రమట్టి అంటుకుని ఉంది. నీళ్లు తిరిగిన గుహకి అదే ఆనవాలు. పెట్టెను పుస్తకంలా చదవాలి. ఎడమవైపు పై మూల మొదలు, కుడివైపు కింది మూల చివర. చివరి వరసంటే అడుగు.

"కిందిది," అంది పెద్దకోడలు.

"ఖాయమేనా?"

"ఖాయమే. పెట్టెలో కనపడుతోంది కదండీ."

జీపు వెళ్లిపోయింది. అలవాటు కొద్దీ ఆమె ఎర్రమట్టి ముక్కలోంచి కాస్త గీకి, సోడా కలిపిన నీళ్లలో బీకరులో నానబెట్టింది. రాయి విచ్చుకోవడానికి సమయం పడుతుంది. ఈలోగా అత్తగారు ఫోన్ చేసింది.

"ఇంటికి రావే. చిన్నకోడల్ని పట్టుకోవడం నా వల్ల కావట్లేదు. అయినా అక్కడుండి నువ్వు చేసేదేముంది? అందరం ఒకచోట కూర్చుని దేవుడికి మొరపెట్టుకుందాం."

ఆమె వెళ్లింది. తోడికోడలు గోడకి జారగిలబడి, ఆమెను చూడగానే "అక్కా" అని చెయ్యి పట్టుకుంది. ఇక వదల్లేదు. దేవుడి గదిలో ముగ్గురూ కూర్చున్నారు. పెద్దకోడలు నిజంగానే ప్రార్థించింది. పెదాలతో ఊరికే అనడం కాదు, కడుపులోంచి అడిగింది. వాడికి దారి చూపించు తండ్రీ, మాకు దారి చూపించు. మధ్యమధ్యలో భర్త ఫోన్. గుహ ఇంకా తగల్లేదట. చప్పుడు ఇంకా వస్తోందట. కాసేపటికి, చప్పుడు నెమ్మదించిందట.

ఆ మాట విన్నాక ఆమె కూర్చోలేకపోయింది. తోడికోడలి వేళ్లు ఒక్కొక్కటీ విడదీసుకుని లేచింది.

"ఎక్కడికే?" అంది అత్తగారు.

"ల్యాబ్‌కి అత్తయ్యా. ఒక పని సగంలో వదిలేసొచ్చాను."

"ఇప్పుడా? నీ రాళ్లు ఎక్కడికీ పోవులే!"

బీకరులో రాయి ఎప్పుడో విచ్చుకుని అడుగున తెల్లగా పేరుకుని ఉంది. జల్లెడలో పోసి కడిగి, మిగిలిన రవ్వని మైక్రోస్కోపు కింద పెట్టింది.

నూకలు. ఎటు జరిపినా నూకలే. బిళ్ల ఒక్కటీ లేదు.

పక్కగదిలోంచి ల్యాబ్ పెద్దసారును పిలిచింది. ఆయనా వంగి చూశాడు.

"కంగారుపడకమ్మా. గుహ కదా, పైపొర నూకలు నీళ్లతో కొట్టుకొచ్చి కిందికి దిగుంటాయి. ఎన్నిసార్లు చూడలేదూ?"

నిజమే, నూకలు కిందికి దిగగలవు. కానీ అడుగున ఉండే బిళ్లలు మట్టుకు పైకి ఎక్కలేవు. ఆమె తడిగుడ్డ తీసుకుని పెట్టె మొదటి వరస దగ్గర మోకాళ్ల మీద కూర్చుంది. పొద్దున తను 'పైపొర' అనుకున్న కడ్డీ మీది బురద తుడిచింది. ఒక్కసారి తుడిస్తే చాలింది. భూతద్దం అక్కర్లేకుండానే, రాతినిండా పప్పుబద్దల్లా బిళ్లలు.

పెట్టె మొత్తం తలకిందులుగా ఉంది. మొదలనుకున్నది చివర, చివరనుకున్నది మొదలు. ఆ రోజు రిగ్గు ప్రహరీగోడని ఆనుకుని ఉండటంతో చిన్నోడు పెట్టెకి అవతలివైపు నిలబడి పేర్చాడని తరవాత తెలిసింది. పై మూలకి పూసే ఎర్రరంగు ఆ పాత పెట్టెకి ఎప్పుడో చెరిగిపోయింది. రెండు మెత్తపొరలు, నడుమ గట్టిరాయి. ఎటు తిప్పినా ఒకేలా కనపడే పెట్టె.

ఆమె ఫోన్ చేస్తూనే క్వారీకి పరిగెత్తింది. భర్త ఎత్తలేదు. క్వారీలో కింది మెట్టు దగ్గర యంత్రం హోరులో ఎవరికీ ఏమీ వినపడటంలేదు. ఆమె ఫైర్ ఆఫీసరు చొక్కా పట్టుకుని లాగింది.

"పైపొరండీ! గుహ పైపొరలో ఉంది! ఆపండి!"

ఆఫీసరు మొహం ఎర్రబడింది. "పొద్దున ఖాయమన్నారు. ఇప్పుడు పైనంటున్నారు. సాయంత్రానికి ఇంకేమంటారు? ఇదేమన్నా దాగుడుమూతలా?"

"పొద్దున నేను తుడిచి చూళ్లేదు," అంది ఆమె. "ఇప్పుడు చూశాను."

అక్కడున్న భర్త ఆమె మొహంలోకి చూశాడు. తిన్నగా వెళ్లి యంత్రం తోలేవాడి భుజం తట్టి, పైకి చెయ్యి చూపించాడు.

యంత్రాన్ని పై మెట్టుకి ఎక్కించడానికే చాలాసేపు పట్టింది. తొలవడం మొదలుపెట్టాక మాత్రం ఎంతోసేపు పట్టలేదు, మెత్తరాయి పిండిలా రాలింది. గుహ తెరుచుకోగానే చల్లటి తడిగాలి బయటికి వచ్చింది. ఇద్దరు లోపలికి పాకారు. కాసేపటికి లోపలి నుంచి ఒకతను, "స్ట్రెచర్ పంపండి," అన్నాడు. ఆ అనడంలో తొందర లేదు. దాన్నిబట్టే అందరికీ అర్థమైంది.

నీళ్లు నడుం దాకా వచ్చాయట. గోడకి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. రెంచి ఇంకా చేతిలోనే ఉంది. డాక్టరు అతని చెయ్యి ముట్టుకుని చూసి, పెద్దకోడలి వైపు తిరక్కుండా ఆఫీసరుతో మెల్లిగా అన్నాడు. "ఎక్కువసేపు కాలేదండీ. చలికి పోయాడు."

ఎంతసేపో ఆమె అడగలేదు. బీకరులో రాయి విచ్చుకున్న వేళకీ, దేవుడి గదిలోంచి తను లేచిన వేళకీ మధ్య ఎంత ఉందో ఆమెకు తెలుసు.

పెద్దసారు దగ్గరికొచ్చి గొంతు తగ్గించి చెప్పాడు. "నీ తప్పేం లేదమ్మా. పెట్టె తిప్పి పేర్చింది అతనే కదా. ఎవరడిగినా నేనదే చెబుతాను. నువ్వేం మాట్లాడకు."

అది అబద్ధమేమీ కాదు. అందుకే ఆమెకి ఇంకా భయమేసింది.

ఇంటికొచ్చేసరికి చిన్నకోడలు ఏడ్చి ఏడ్చి గొంతు పోయి కూర్చుంది. అత్తగారు దేవుడి గది గడపలోనే ఉండిపోయింది.

"పొద్దుటి నుంచి అడిగామే," అందావిడ పెద్దకోడలితో. "ముగ్గురం అడిగాం. ఆయనకి చెవినపడలేదా?"

దారి చూపించమని పెద్దకోడలు అడిగింది, ఆయన చూపించాడు. ల్యాబ్‌లో బల్లమీద, నీళ్లలో. ఆమె ఇక్కడ కళ్లు మూసుకుని కూర్చుని ఉంది. ఇది దేవుడిని అడగాల్సిన మాటా, తనని తాను అడుక్కోవాల్సిందా? ఆయన మీద నమ్మకం ఉంది కాబట్టే కదా కూర్చుంది! ఆ ముడి విప్పడం ఆమె వల్ల కాలేదు. వెళ్లి తోడికోడలి పక్కన చతికిలబడింది. పొద్దుటిలాగే చిన్నకోడలు ఆమె చెయ్యి పట్టుకుంది.

"అక్కా, మధ్యాహ్నం దాకా కొడుతూనే ఉన్నాడటగా పైపు మీద?"

"ఊఁ."

"మరి కింద తొలిచారట కదా? కిందని ఎవరు చెప్పారక్కా?"

గుమ్మంలో నిలబడ్డ భర్త గబుక్కున అందుకున్నాడు. "వాడు పెట్టె తిరగేసి పేర్చాడమ్మా. పొరపాటు అక్కడ..."

"మీరాగండి," అంది పెద్దకోడలు. తోడికోడలి వైపు తిరిగింది. "నేనే చెప్పాను. తడిగుడ్డతో ఒక్కసారి తుడిచుంటే తెలిసేది. తుడవకుండా చెప్పాను."

చిన్నకోడలు చాలాసేపు ఆమె మొహంలోకి చూసింది. పట్టుకున్న చెయ్యి మెల్లిగా వదిలి, రెండు చేతులూ తన ఒళ్లో పెట్టుకుంది. పెద్దకోడలు లేవలేదు. ఇద్దరూ అలా పక్కపక్కనే, ఒకళ్లనొకళ్లు తగలకుండా, చిన్నోణ్ని ఇంటికి తెచ్చేదాకా కూర్చున్నారు.