మూడు ఊళ్ళ పాట

కోవూరు చర్చి ఆఫీసులో ఉన్నది ఒక్కటే సర్వర్. అందులో కోవూరుకూ, బుచ్చిరెడ్డిపాలేనికీ, కృష్ణపట్నానికీ వేరువేరుగా మూడు గదులు కట్టిపెట్టాడు కంప్యూటర్ల పని చూసే కిషోర్ బాబు. ఒక గదిలో ఏం చేసినా పక్క గదికి అంటదు. మూడింటి పాస్‌వర్డులూ ఆఫీసు చూసుకునే ఫేబీ దగ్గరే.

ఫేబీ అత్త రెబెక్కమ్మకు గొంతు ఆపరేషనైనప్పటి నుంచీ గుసగుస తప్ప మాట లేదు. అంతకుముందు ఆవిడ పాడిన పాట రికార్డునే ప్రతి ఆదివారం మూడు చర్చిల్లోనూ ఆరాధనకు ముందు వేస్తారు. ఆవిడ కోవూరు చర్చిలో ముందు వరసలో కూర్చుని దానితోపాటు పెదవులు కదుపుతుంది.

క్రిస్మస్ ప్రాక్టీసు రికార్డింగులకు సర్వర్లో చోటు చాలలేదు. చూస్తే అత్త పాట ఉన్న పాత పాటల ఫోల్డర్ మూడు గదుల్లోనూ ఉంది. ఇదేం దండగ అనుకుని, ఫేబీ కోవూరు గదిలోది తుడిచేసి కొత్తవన్నీ కుక్కేసింది. మహా తెలివైన పని చేశానని మురిసిపోయింది కూడా.

సాయంత్రం బుచ్చి చర్చిలో పాటలు వేసే ఏంజెలిన్ ఫోన్ చేసింది. "అక్కా, మా పాటలు కనపడలా."

ఫేబీకి బుర్ర తిరిగిపోయింది. బుచ్చి గదిని తను ముట్టనే లేదే! కృష్ణపట్నం గది తెరిచింది. అక్కడా ఖాళీయే. కోవూరులో తుడిస్తే కృష్ణపట్నంలో ఎట్లా పోతుంది? ఎటు తిప్పి చూసినా అంతు చిక్కలేదు.

కిషోర్ బాబు వచ్చి చూసి నాలిక కరుచుకున్నాడు. "చోటు కలిసొస్తాదని పోయిన నెల పాటలన్నీ ఒకే చోట పెట్టినానక్కా. మూడు గదుల్లోంచీ దానికే దారి తెరిచినా. తుడిచేదానికి లేకుండా గడియ పెట్టడం మర్చిపోయినా."

"మూడు చోట్లా కనపడిందే?"

"కనపడతాది. ఉండేది ఒకటే."

"బ్యాకప్?"

"మూడు చోట్ల ఉండగా అదెందుకన్నది నువ్వే గదక్కా."

పోయిన పాట మీద కొత్త రికార్డింగులు కూర్చున్నాయి, ఇక తిరిగి రాదని తేల్చేశాడు. ఎవరి ఫోన్లోనూ లేదు. వారం వారం వినిపించే పాటను ఫోన్లో దాచుకునే పిచ్చివాళ్ళెవరు?

ఇంటికెళ్ళి ఫేబీ అత్త పక్కన కూలబడింది. "నీ పాట పోయిందత్తా. నేనే తుడిచేసినా."

"ఇక్కడ పోతే ఏముందిలేమే, బుచ్చిలో ఉండాదిగా?" అంది రెబెక్కమ్మ గుసగుసగా.

"అక్కడా లేదత్తా."

"కృష్ణపట్నంలో?"

"మూడు చోట్లా ఉండింది ఒకటేనంట."

"మూడు ఊళ్ళల్లో పాడతన్నానని సంబరపడతాంటి," అంది ఆవిడ. ఫేబీకి ఏడుపు ఆగలేదు.

ఆదివారం పాట వేయలేదు. అయినా అలవాటు కొద్దీ రెబెక్కమ్మ పెదవులు కదిలాయి. ఫేబీ ఆవిడ దగ్గరికి జరిగి, ఆ నోటి దగ్గర చెవి పెట్టి, వినపడిన ముక్క వినపడినట్టే పైకి పాడడం మొదలుపెట్టింది. రెండో చరణంలో రాగం తప్పింది. అత్త ఫేబీ తొడ మీద గట్టిగా గిల్లి, గుసగుసగా మళ్ళీ మొదటి నుంచి అందుకుంది.