గుంజలు జరిపిన మనిషి

వెల్డా క్రౌస్ ఎవరినీ ఒక పట్టాన నమ్మే మనిషి కాదు. ఒహాయోలో స్కూలు బస్సు నడిపినన్నాళ్లూ ఆమె చూపు సగం రోడ్డు మీద, సగం అద్దంలో వెనక సీట్ల మీద ఉండేది. రిటైరై ఫ్లోరిడా వచ్చి కాలవ గట్టున ఇల్లు కొనుక్కున్నాక కూడా ఆ అలవాటు పోలేదు. అద్దం స్థానంలో వంటింటి కిటికీ వచ్చింది, అంతే తేడా.

ఆ కిటికీకి ఎదురుగా ఒక ఖాళీ స్థలం, దాని నడిమధ్య బొరియ గూబల జంట. జానెడు పిట్టలు, పసుపు కళ్లు, పుల్లల్లాంటి కాళ్లు. ఇవి చెట్లెక్కే గూబలు కావు. ఇసుకలో బొరియ తవ్వుకుని కాపురం పెడతాయి, పట్టపగలే వాకిట్లో నిలబడి వచ్చేపోయేవాళ్లని అనుమానంగా చూస్తాయి. ఆ చూపు నచ్చే వెల్డా వాటి మీద ప్రాణం పెట్టుకుందని ఆమె స్నేహితురాలు రోబర్టా ఏడిపిస్తుంది.

ఆ వీధిలో ఇల్లు లేవనిది ఆ ఒక్క స్థలంలోనే. దాన్నీ ఓ బిల్డరు కొనేశాడు. బొరియలో పిల్లలున్నంత కాలం పునాది తవ్వకూడదని చట్టం. పిల్లలు ఎగిరిపోయినా, మరోలా లేకుండా పోయినా అతనికి అడ్డు చెప్పేవాళ్లుండరు. అందుకే ఆ ఊరి గూబల సంఘం వాళ్లు ప్రతి బొరియ చుట్టూ నాలుగు తెల్ల ప్లాస్టిక్ గుంజలు పాతి తాడు కడతారు, గూబ వాలడానికి పక్కనే ఒక అడ్డకొయ్య నిలబెడతారు. గుంజల లోపల గడ్డి కూడా సంఘం వాళ్లే చేత్తో కోస్తారు. బయట గడ్డి కోయించుకునే బాధ్యత స్థలం సొంతదారుది. ఇది అందరూ ఒప్పుకున్న మాట. ఎంత కానివాడైనా సరే, గుంజలు దాటడు.

ఆ వసంతంలో సంఘంలోకి ఎమ్మెట్ స్లోన్ వచ్చాడు. ఉద్యోగమున్నన్నాళ్లూ బిల్డర్ల కోసం స్థలాలు కొలిచి హద్దులు పాతిన సర్వేయరు. వాగుడుకాయ. ఎవరూ అడగకపోయినా అన్నీ తనకే తెలుసన్నట్టు మాట్లాడతాడు. అలాంటివాడికి ఉన్నట్టుండి గూబల మీద ఈ ప్రేమేమిటని వెల్డాకు మొదటిరోజే అనుమానం పుట్టింది. సంఘానికి పెద్ద రోబర్టాయే గనక ఆమె చెవిన వేస్తే, మనుషులు మారకూడదా అని నవ్వి ఊరుకుంది.

వెల్డా ఊరుకోలేదు. ఒక మధ్యాహ్నం బిల్డరు మనిషి స్థలం చూడడానికి వస్తే ఎమ్మెట్ అతని భుజం మీద చెయ్యేసి మాట్లాడడం కిటికీలోంచి చూసింది. ఏమన్నారో వినబడలేదు. నవ్వు మాత్రం వినబడింది. ఆమెకది చాలు.

ఆ వారంలోనే ఒక పొద్దున లేచి చూసేసరికి గుంజలు మధ్యలో లేవు. తాడుతో సహా నాలుగూ స్థలం మూలకు, కంచె పక్కకు చేరాయి. ఇల్లు లేవాల్సిన నడిభాగంలో అడ్డకొయ్య ఒక్కటే మిగిలింది. ఎమ్మెట్ అక్కడే మోకాళ్ల మీద కూర్చుని ఆఖరి ముడి వేస్తున్నాడు.

వెల్డా చెప్పులు కూడా వేసుకోకుండా వెళ్లి, ఎవరిని అడిగి జరిపావని నిలదీసింది.

"గూబల్నడిగి," అన్నాడు ఎమ్మెట్. "అవి ఇల్లు మారాయి, వెల్డా. తల్లి పిల్లల్ని ఈ బొరియలోకి తెచ్చుకుంది. నిన్న సాయంత్రం చూశాను. ఇంకో నాలుగు గుంజలు శనివారం తెస్తా. అందాకా పిల్లలున్నచోట ఉండనీ."

వెల్డా వంగి చూసింది. పొడుగు గడ్డిలో అర్ధచంద్రాకారంలో వెడల్పాటి నోరు. ఈక లేదు, రెట్ట లేదు. ఆ ఇసుక నేలల్లో తాబేళ్లు తవ్వుకునే బొరియ అది. ఆ ఊళ్లో పసివాడు కూడా పోల్చుకుంటాడు. వెనక్కి తిరిగి చూస్తే పాత బొరియ పక్కన అడ్డకొయ్య మీద మగ గూబ నిక్షేపంగా కూర్చుని ఉంది.

"మరి అదేమిటి?"

"వాడికి ఆ కొయ్య అలవాటైపోయింది. పెళ్లాం సర్దుకుని వెళ్లిపోయినా తెలియని మొగుళ్లుంటారు. నేనూ అంతేగా."

ఆ వేళాకోళంతో వెల్డాకు ఒళ్లు మండింది. "నా దగ్గర నీ పప్పులుడకవు, ఎమ్మెట్. నీకు జీతమిచ్చేవాడు ఎవరో నాకు తెలుసు."

ఎమ్మెట్ మొహంలో నవ్వు పోయింది. ముడి బిగించి, మోకాళ్లు దులుపుకుని, ఇంకేం మాట్లాడకుండా వెళ్లిపోయాడు. తప్పు చేసినవాడే నోరెత్తకుండా పోతాడని వెల్డా లెక్క. అతను అటు వెళ్లగానే నాలుగు గుంజలూ పీకి, మోసుకెళ్లి, పాత చోటే పాతింది. నడుము పట్టేసింది గానీ మనసు మాత్రం తేలికపడింది.

తర్వాత రోబర్టాకు ఫోను చేసింది. ఎమ్మెట్ గుంజలు జరిపాడని చెప్పింది. నడిభాగం బిల్డరుకు ఖాళీ చేశాడని చెప్పింది. భుజం మీద చెయ్యి గురించీ చెప్పింది. పిల్లలు తాబేలు బొరియలోకి మారాయని అతనన్న సంగతి మాత్రం ఎత్తలేదు. అబద్ధమని తెలిశాక దాన్ని మళ్లీ మోసుకెళ్లడం దేనికి? సాయంత్రానికల్లా ఎమ్మెట్‌ను సంఘంలోంచి తీసేశారు.

రెండు రోజుల తర్వాత బిల్డరు పంపిన గడ్డికోత ట్రాక్టరు వచ్చింది. వెల్డా కాఫీ కప్పుతో కిటికీ దగ్గర కాపలా కాసింది. డ్రైవరు కుర్రాడు జాగ్రత్తపరుడే. గుంజల దగ్గరికొచ్చినప్పుడల్లా నెమ్మదించి, చుట్టూ తిరిగి, తాడు కూడా కదలకుండా పోతున్నాడు. గుంజలు తను వెనక్కి పాతబట్టి సరిపోయింది, లేకపోతే ఏమయ్యేదోననుకుని ఆమె కాఫీ తాగింది.

ట్రాక్టరు కంచె మూలకు వెళ్లింది. వెనక చక్రం ఒక్కసారిగా ఇసుకలోకి దిగబడింది. ఆ పక్క గడ్డిలోంచి ఆడ గూబ అరుస్తూ లేచి, డ్రైవరు తల చుట్టూ తిరగసాగింది.

కప్పు ఎక్కడ పెట్టిందో వెల్డాకు తెలియదు. ఆమె వెళ్లేసరికి కుర్రాడు కిందికి దూకి తెల్లబోయి చూస్తున్నాడు.

"నేను మీ గుంజలు దాటలేదు మేడమ్," అన్నాడు. "తాడు కూడా తగల్లేదు. కావాలంటే చూసుకోండి."

ట్రాక్టరు ముందుకు తీయించి, ఇద్దరూ చేతులతో తవ్వారు. తాబేలు బొరియ మెత్తటి ఇసుక, చక్రం బరువుకు మూరెడు లోతున కుంగిపోయింది. పిల్లలు దొరికాయి. అప్పుడప్పుడే ఈకలు వస్తున్న ఒళ్లు, ఇంకా వెచ్చగానే ఉన్నాయి. ఒక్కదానికీ ప్రాణం లేదు. కుర్రాడు తన చొక్కా విప్పి వాటి మీద కప్పాడు. వెల్డా ఆ ఇసుకలోనే చతికిలబడి ఏడ్చింది. ఆమె ఏడవడం ఆ వీధిలో ఎవరూ ఎరగరు.

కబురందుకుని వచ్చిన రోబర్టా కారు దిగుతూనే అంతా అర్థం చేసుకున్నట్టు తలాడించింది.

"నువ్వన్నదే నిజమైందే వెల్డా. నేనే వినలేదు," అంది. "ఇంత స్థలముంటే చక్రం సరిగ్గా పిల్లల మీదికే ఎలా వచ్చింది? ఎమ్మెట్ బిల్డరుకు చెప్పే ఉంటాడు. పేపరు వాళ్లకి ఫోను కలుపుతున్నా. వాడి పేరూ బిల్డరు పేరూ రెండూ పడాలి."

వెల్డాకు ఊఁ అనాలనిపించింది. చాలా గట్టిగా అనిపించింది. ఊఁ అంటే చాలు, ఊరంతా నమ్ముతుంది. తనూ నెమ్మదిగా నమ్మేయగలదు.

"ఎమ్మెట్ ఈ బొరియ గురించి ఎవరికీ చెప్పలేదు, రోబర్టా," అంది చివరికి. "నాకొక్కదానికే చెప్పాడు. గుంజలు దీని చుట్టూనే పాతాడు. పీకేసింది నేను."

రోబర్టా ఫోను చెవి దగ్గర్నుంచి దించింది. అవతల ఎవరో హలో హలో అంటున్నారు.

"మరి ఆవేళ నాకెందుకు చెప్పలేదే?" అంది.