గొర్రెలకు తెలిసిన గొంతు

ఈరన్న పంగలకర్రతో ముళ్లకంపను పక్కకు ఈడ్చాడు. రాతిగోడల రొప్పంలోంచి గొర్రెలు ఒకదాన్నొకటి తోసుకుంటూ, అతని మోకాళ్లను రాసుకుంటూ బయటపడ్డాయి. అతను ఒక చేత్తో కర్ర పట్టుకుని రెండో చేతి వేళ్లతో మెడ ఒత్తి చూసుకున్నాడు. బెంగళూరు ఆసుపత్రిలో గొంతు క్యాన్సరుకు కరెంటు, అదే రేడియేషన్, పెట్టిన చోట చర్మం మాడి, పాత తోలుచెప్పులా నల్లగా గట్టిపడింది. గడ్డ తగల్లేదు. నిన్నా తగల్లేదు. అయినా ఆ ధైర్యం నాలుగడుగులు కూడా నిలవదు. మళ్లీ ఒత్తుకున్నాడు.

"మెడ పిసకొద్దు బావా. ఆడ పాలేమీ రావు," అన్నాడు ఓబులేసు. వాడు ఈరన్న పెళ్లాం మారెక్కకు తమ్ముడు. బావ ఆసుపత్రి పాలైనప్పటి నుంచి మంద కాస్తున్నది వాడే.

ఈరన్న నవ్వాడు. నవ్వు గొంతులో బుస్సుమని ఆగిపోయింది.

క్యాన్సరు వచ్చి బతికినవాడు ఆ పక్క పల్లెల్లో ఇంకొకడు లేడు. అందుకని జనం అతన్ని పెళ్లికొడుకును చూసినట్టు చూసేవారు. "రోగం పాయ కదప్పా, ఇంకేం!" అనేవారు. ఈరన్న తలూపేవాడు. మారెక్కతో మాత్రం ఒకసారి అన్నాడు: "పోయిందంటారు. యాడికి పోయిందో ఒక్కడూ చెప్పడు." మారెక్క పొయ్యి ఊదుకుంది.

ఆ ఏడు కూడా వాన లేదు. గుట్ట మీద గడ్డి పోయి రాళ్లు తేలాయి. రాయదుర్గం చుట్టుపక్కల మందలన్నీ బళ్లారి వైపు కాలువ భూములకు పోతున్నాయి. ఈరన్న మంద ఆ సాయంత్రమే కదలాలి. తానూ వెంట పోవాలని అతని పట్టు. ఇంట్లో ఉంటే మెడ ఒత్తుకోవడం తప్ప పని లేదు. మంద వెంట నడిస్తే మళ్లీ ఈరన్న అవుతాడు.

కానీ దారంతా లారీలు. మనిషి కేక వేస్తే మంద ఆగాలి, తిరగాలి. మునుపు ఈరన్న "హుర్రే... బ్బో" అంటే వంక అవతలి గొర్రె కూడా మేత వదిలి వచ్చేది. ఇప్పుడా గొంతులోంచి గాలి వస్తుంది, అంతే.

"గుట్టకాడ చూస్తాం బావా. మంద నీ మాట వింటే నువ్వూ వస్తావులే," అన్నాడు ఓబులేసు.

మధ్యాహ్నం మంద గుట్ట పల్లంలో మేస్తుండగా వాడు చెంబు పట్టుకుని లేచాడు.

"యాడికిరా?"

"చెప్పే పనా బావా అది! నేనొచ్చేలోపల పిలిచి చూడు. నేనుంటే నీకు సిగ్గు."

వాడు వెనకున్న తుమ్మచెట్ల మాటుకు పోయాడు. ఈరన్న బండ ఎక్కి, ఉమ్మి ఊరని నోటిని నీళ్లతో తడుపుకుని పిలిచాడు. దగ్గర్లోని ముసలి గొర్రె చెవి కదిపి మళ్లీ మేతలో పడింది. మెడ నరాలు ఉబ్బేలా ఇంకోసారి పిలిచాడు.

మంద ఒక్కసారిగా తలెత్తింది. దుమ్ము లేపుకుంటూ అతని వైపే పరుగెత్తుకొచ్చింది. చెవుల్లో తన పాత కేక మోగుతోంది. చివర్లో కాస్త సాగదీసి, అచ్చం తనదే. ఈరన్న రెండు చేతులూ చాచాడు.

గొర్రెలు బండకు రెండు పక్కలా చీలి, అతన్ని దాటి, తుమ్మచెట్ల దగ్గరికి పోయి ఆగాయి.

చెట్ల వెనక ఓబులేసు నోటికి రెండు పక్కలా చేతులు పెట్టుకుని నిలబడి ఉన్నాడు. గొర్రెలు మూతులతో వాడి లుంగీని పొడుస్తున్నాయి. బావను ఎగతాళి చేయడానికి చిన్నప్పుడే ఆ కేక నేర్చుకున్నాడు వాడు. పెళ్లిళ్లలో వేసి అందరినీ నవ్వించేవాడు.

"నీ గొంతేనని నమ్ముతావనుకొంటి బావా..."

ఈరన్న బండ దిగాడు. ముసలి గొర్రె వీపు మీద ఇరుక్కున్న ముల్లు తీసి పారేశాడు.

"బాగుండాదిరా. కడాన ఇంకొంచెం సాగదీయాల," అన్నాడు గాలి గొంతుతో.

"కొట్టు బావా నన్ను!"

"పక్కింటి తిమ్మన్నను తోడు తీసకపో. నేను రాను."

"రోగం పాయ కదా బావా. గొంతు గూడా వస్తాది..."

"పాయరా. పోతాపోతా నన్ను గూడా తీసకపాయ."



సాయంత్రం మంద కదిలింది. ముందు తిమ్మన్న, వెనక ఓబులేసు. ఊరు దాటేదాకా వాడు కర్రతో నేల కొడుతూ తోలుకుపోయాడే గానీ నోరు విప్పలేదు. తారురోడ్డు మీద లారీ హారను మోగాక విప్పక తప్పలేదు. రొప్పం దగ్గర నిలబడిన ఈరన్నకు తన గొంతు పడమటి దిక్కుగా దూరమైపోతూ వినిపించింది.

మారెక్క వీధిలోంచి ఆయాసపడుతూ వచ్చింది. అతనికి సంగటి ముద్ద దిగదని, దారికి పలచగా రాగి అంబలి కాచి ప్లాస్టిక్ సీసాలో పోసి తెచ్చింది.

"మంద పాయనా? నువ్వు పోలేదా?"

ఈరన్న తల అడ్డంగా ఊపి ఇంటి దారి పట్టాడు. ఆమె కాసేపు రోడ్డు వైపు చూసి, సీసా గోడ మీద పెట్టి అతని వెనకే నడిచింది.

సీసాలో పిండి మెల్లగా అడుగుకు దిగుతోంది. పైన నీళ్లు తేటబడుతున్నాయి.